తాడుకు రెండో కొస

గద్వాల,
8 సెప్టెంబర్ 2025

రాధిక గారికి నమస్కారం.

నేను ఉమారాణి భర్తను. పేరు మద్దిలేటి. ప్రాజెక్టు ఆఫీసులో నీటి మట్టాలు రాసే ఉద్యోగం. ఏటా మీరు పిల్లల జట్టుతో గద్వాలకు వచ్చినప్పుడు గ్రౌండ్‌లో ఎదురుపడ్డాం గాని మాట్లాడుకోలేదు. పోయిన వారం మీకు ఫోన్ చేసి పెట్టేసింది నేనే. మీరు హలో అన్నారు. నాకు మాట కన్నా రాత సులువు. అందుకని రాస్తున్నాను.

ఉమ చివరి రోజు గురించి మీకు చెప్పవలసి ఉంది.

ఆగస్టు ఇరవై రెండు, శుక్రవారం. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి వారమైంది. ఇక రక్తం ఎక్కించి లాభం లేదని డాక్టర్లు చెప్పారు. పొద్దున కొంచెం అంబలి తాగింది. రాత్రి వాన పడింది. "గ్రౌండ్ల నీళ్లు నిలిచినయేమో, యాదయ్యకు చెప్పి కాలువ తీయించు" అన్నది. యాదయ్య వాళ్ల స్కూలు అటెండరు. ఫోన్ చేసి చెప్పాను. పగలు ఆమె కబడ్డీ పిల్లలు వచ్చారు. కెప్టెన్ శ్రుతి మోకాలికి కట్టు ఉంది. "గట్లనా కట్టుడు?" అని కోప్పడింది. తను లేవలేక, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నా చేత విప్పించి మళ్లీ కట్టించింది. మూడుసార్లు విప్పించింది. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మధ్యాహ్నం పడుకుంది. లేచాక ఫోన్ అడిగింది. ఆ రక్తం తాగేవాళ్ల సీరియల్. దవాఖానలో చేతికి రక్తం సీసా ఎక్కుతుంటే కూడా అదే చూసేది. నర్సుతో "నేను గూడ వాళ్ల కులంల కలిసిన" అనేది. ఆ రోజు కాసేపు చూసి ఫోన్ నా చేతికిచ్చింది.

"రేపు ఆఖరిది వస్తది. నేను చూస్తనో లేదో. నువ్వు చూడు."

"నాకు ఆ దయ్యాల కథ తెల్వదు గద."

"మొదటి నుంచి చూడు. చూసి, మా వాదంల నేను గెలిచిన్నో అది గెలిచిందో రాధికకు చెప్పు. నా దిక్కు మాట్లాడకు. ఉన్నదున్నట్టు చెప్పు."

సరే అన్నాను. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఊపిరి ఆగింది. నేను వంటింట్లో నీళ్లు కాగబెడుతున్నాను.

పాదాలు నేనే కడిగాను. ముత్తైదువగా పోయిందని ఆడవాళ్లు పసుపు రాశారు. కుడి మడమ పైన ఆమెకు పాత గాటు ఒకటి ఉంది. ఎప్పుడో ఆటలో కంకర కోసుకుందని చెప్పేది. పసుపు దాని మీద పట్టలేదు. రెండోసారి రాయవలసి వచ్చింది.

సీరియల్ చూడడం మొదలుపెట్టాను. అంతా అయ్యాక తీర్పు రాస్తాను. ఉమ వాదన నాకు తెలుసు. మీ ఇద్దరూ ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపుకునేవారు కదా, ఆమెవి వంటింట్లోకి వినిపించేవి. మీవి చెవికి పెట్టుకొని వినేది. మీ వాదన ఏమిటో రాయగలరా?

మద్దిలేటి

*

నాగర్‌కర్నూల్,
17 సెప్టెంబర్

మద్దిలేటి సారుకు,

ఉత్తరం అందింది. నాకు మీలెక్క రాయనీకి రాదు. నోటికొచ్చినట్టు రాస్తున్న, ఏమనుకోకండ్రి.

నేను ఉమను సాగనంపనీకి, మట్టికి రాలే అని మీరు అడగలే. అడగకపోయినా చెప్త. నేను వచ్చిన. గద్వాల బస్టాండుల దిగిన. బెంచీ మీద కూసున్న. ఒక చాయ తాగిన. మీ ఇంటికి ఆటో ఎంత అని గూడ అడిగిన. తర్వాత ఆలోచన పడ్డది. ఇంటి ముందట కూసున్న ఆడోళ్లు "ఎవరమ్మా నువ్వు, ఉమకు ఏమైతవు?" అంటే ఏం చెప్పాలె? చుట్టమా, కాదు. దోస్తా, గద్వాలల ఎవ్వరిని అడిగినా కాదనే అంటరు. ఇంకో చాయ తాగి తిరుగు బస్సు ఎక్కిన.

మీ ఆమె నా పేరు చెప్పేదా ఇంట్ల? "నాగర్‌కర్నూల్‌ది" అనే అంటుండె అని విన్న. నేను గూడ మా పిల్లలతోని "గద్వాల్‌ది" అనే అంటుంటి. పదకొండేండ్ల నుంచి ఏటా మా పిల్లలను తీసుకొని మీ గ్రౌండుకు వస్తున్న. ఆమెతోని గ్రౌండు మీద మాట్లాడింది టాసు ముచ్చట ఒక్కటే.

అయితే ఒక్క పని మాత్రం కలిసి చేసేటోళ్లం. మీరు చూసిన్రో లేదో. కోర్టు గీతలన్నీ ఆమె పిల్లలతోని గీయించి పెట్టేది. మధ్య గీత ఒక్కటి ఉంచేది. మేము బస్సు దిగంగనే తాడు తెచ్చి ఒక కొస నా దిక్కు విసిరేది. యాదయ్య ఉండె, పిల్లలుండిరి, ఎవ్వరికీ ఇయ్యకపోయేది. ఆమె అటు గుంజేది, నేను ఇటు గుంజుతుంటి. తాడు మీద వేలు కొడితే మోగాలె, అంత బిగువు. యాదయ్య దాని పొంటి సున్నం పోసుకుంట పోయెటోడు. ఒక్క మాట లేదు, మొఖాల మొఖం లేదు. గీత అయినంక తాడు ఇడిసిపెట్టి ఎవరి దిక్కు వాళ్లం.

సీరియల్ ముచ్చట ఎట్ల మొదలైందంటే, మూడేండ్ల కింద రెండు జట్లు ఒకటే బస్సుల టోర్నమెంటుకు పోయినయి. బిజినేపల్లి దాటంగనే టైరు పోయింది. ఎండల రోడ్డు పక్కన కూసున్నం. మా పిల్ల ఒకతి ఫోన్ల ఆ సీరియల్ పెట్టింది. నేను వంగి చూస్తున్న. అటుపక్క నుంచి ఇంకో తలకాయ వంగింది. చూస్తే మీ ఆమె. వెరోనా అనే దయ్యం పగటిపూట పెట్టెల పండుకొని ఉంది. దాని పగదారు మార్తా, చేతుల చెక్క మేకు పట్టుకొని వచ్చింది. గుండెల దిగేస్తే అయిపాయె. దిగెయ్యలే. పెట్టె పక్కన కూసున్నది. పొద్దంత కూసున్నది. పొద్దుగూకి పెట్టె మూత కదలంగనే లేచి నిలబడ్డది.

మీ ఆమె అన్నది: "పాపం, చంపబుద్ధి కాలే. ప్రేమ."

నేనన్న: "ప్రేమ గాదు దోమ గాదు. నిద్రల ఉన్నదాన్ని పొడిస్తే ఏం గెలుపు? లేసే దాంక ఆగింది."

"నీకు మనసు లేదే."

"నీకు ఆట తెల్వదే."

కాలేజీల ఒకరి మీద ఒకరం ఆడినప్పటి నుంచి ఇరవై ఏండ్లకు పైన అయినంక, టాసు ముచ్చట కాక మేం మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవే. అప్పటి నుంచి ఎపిసోడు వచ్చినప్పుడల్లా ఒక కొట్లాట. ఆఖరి దాంక ఆమెది అదే మాట, జాలిపడి వదిలిందని. నాది అదే మాట, వదల్లే అని.

గిదే నా వాదన. తీర్పు మీ ఇష్టం.

రాధిక

*

గద్వాల,
12 అక్టోబర్

రాధిక గారికి,

అరవై ఎపిసోడ్ల దాకా వచ్చాను. రాత్రి అన్నం తిని ఆమె కుర్చీ పక్కన కూర్చుని చూస్తున్నాను. డబ్బింగ్‌లో దయ్యాలన్నీ విజయవాడ మాట మాట్లాడుతున్నాయి. మొదట్లో నవ్వొచ్చింది. ఇప్పుడు అలవాటైంది.

కొన్ని సంగతులు ఇప్పుడు తెలుస్తున్నాయి. రెండేళ్ల కింద ఉమ పప్పులో వెల్లుల్లి వేయడం మానేసింది. ఎందుకని అడిగితే "మావోళ్లకు పడదు" అన్నది. ఏదో మొక్కు అనుకున్నాను. రక్తం తాగేవాళ్లకు వెల్లుల్లి పడదని ఏడో ఎపిసోడ్‌లో తెలిసింది.

వెరోనా, మార్తా మూడు వందల ఏళ్లుగా పోట్లాడుతున్నారు. కారణం పన్నెండో ఎపిసోడ్‌లో చెప్పారు. ఒక కోట. అది ఎవరిదన్నది తగవు. నలభయ్యో ఎపిసోడ్‌లో కోట కాలిపోయింది. నేను ఇక కథ అయిపోయిందనుకున్నాను. వాళ్లు మరుసటి రాత్రే కొత్త ఊరిలో ఒకరినొకరు వెతుక్కున్నారు. ఒకామె ఊరు మారితే రెండో ఆమె అదే ఊరికి పోతుంది. వేరేవాళ్లు వెరోనా మీద చేయి వేస్తే వాళ్లను మార్తా చంపుతుంది. దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఒక ప్రశ్న. మీరు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. మీరిద్దరూ ఏమవుతారు? ఇరవై ఏళ్లకు పైగా ఆమెతో కాపురం చేశాను. కోపమొచ్చినా సంతోషమొచ్చినా తక్కువే మాట్లాడేది. మీకు మాటలు పంపేటప్పుడు మాత్రం వంటింటి తలుపు దగ్గరికి వేసుకొని గంటసేపు మాట్లాడేది. వాటిలో నా గురించి ఏమీ ఉండదని నాకు తెలుసు. ఉమ గురించి ఏదో ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

మరొక సంగతి. శ్రుతి, ఇంకా నలుగురు పిల్లలు ఇంటికి వచ్చారు. జనవరిలో మీ జట్టుతో మ్యాచ్ ఉంటుందా అని అడిగారు. ఉమ స్థానంలో స్కూలుకు కొత్త ఆటల టీచరు ఇంకా రాలేదు. మ్యాచ్ ఖర్చు, భోజనాలు, కప్పు అన్నీ ఉమ సొంతంగా చూసుకునేది కనుక, మీ ఇష్టమని హెడ్మాస్టరు గారు నాకే వదిలారు. ఈసారి వద్దని చెప్పాను. ఆ గ్రౌండ్‌కు నేను పోలేను.

మద్దిలేటి

*

నాగర్‌కర్నూల్,
20 అక్టోబర్

సారుకు,

మ్యాచ్ ఆపనీకి మీరెవరు?

కోపమొస్తే రానీ. మా పిల్లలు జూన్ నుంచి పొద్దున్నే లేచి మీ గద్వాలోళ్లను ఓడగొట్టాలెనని పరిగెత్తుతున్నరు. పోయినేడు మేం ఓడినం. ఓడి ఇంటికి వచ్చినోళ్లకు మళ్లొకసారి ఆడే హక్కు ఉంటది. దాన్ని మీరు గుంజుకున్నరు. ఉమ ఉంటే మీ చేతుల నుంచి కప్పు లాక్కొని పెట్టేది మ్యాచ్.

మీరు ఏడ్వండ్రి. ఎవరు వద్దన్నరు? గ్రౌండుకు వచ్చి ఏడ్వండ్రి. మా దగ్గర అందరం గట్లనే ఏడుస్తం.

మీ ప్రశ్నకు జవాబు నాకు తెల్వదు. మీరు తీర్పు అన్న రాయండ్రి.

రాధిక

*

గద్వాల,
16 నవంబర్

రాధిక గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అలా నన్ను తిట్టినవాళ్లు ఈ మూడు నెలల్లో లేరు. అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. మీ మాట మంచిగానే ఉంది.

చివరి ఎపిసోడ్ చూశాను. మీరు ఎప్పుడో చూసి ఉంటారు. తెల్లవారుతుంది. మార్తా కింద పడి ఉంది. మేకు వెరోనా చేతిలో ఉంది. కిటికీలోంచి, వాళ్లను కాల్చేసే ఎండ గచ్చు మీదికి వస్తుంది. వెరోనా మేకు పారేసి చేయి అందించి మార్తాను లేపుతుంది. లేపాక చేయి వదలదు. కొట్టడానికి పట్టుకుందా, ఆనుకోవడానికి పట్టుకుందా చూపలేదు. తెర నల్లబడింది. అంతే. నాకు కోపమొచ్చింది. తొంభై ఆరు ఎపిసోడ్లు చూపించి చివరిది దాచారు.

మూడు వారాల నుంచి తీర్పు రాయాలని కూర్చుంటున్నాను. రాయలేకపోతున్నాను. జాలిపడిందంటే ఒప్పుకోవచ్చు. పగ అన్నా ఒప్పుకోవచ్చు. ఆ ఇద్దరినీ చూస్తుంటే నాకు వాళ్లు కనిపించడం లేదు. మీరిద్దరే కనిపిస్తున్నారు. అందుకని ఒక సంగతి రాస్తున్నాను. ఉమ ఎవరికీ చెప్పవద్దన్నది. ఇప్పుడు చెప్పకపోతే తీర్పు తప్పుతుంది.

పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పింది. వనపర్తిలో మీ కాలేజీలకు ఫైనల్ మ్యాచ్. తొంభై ఎనిమిదో సంవత్సరం. అప్పటికి ఆమె తండ్రి పోయి నెల కూడా కాలేదు. ఆ సంగతి అన్ని జట్లకూ తెలుసు. గెలిచిన జట్టు రైడర్‌ను యూనివర్సిటీకి తీసుకుంటామని చెప్పారు. ఒక్క పాయింటు తేడా. ఆఖరి కూత ఆమెది. మీరు మడమ పట్టారు. "రాధిక పట్టు పడితే వదిలించుకున్నోళ్లు జిల్లాల లేరు" అని ఉమే నాతో అన్నది. ఆమె వేళ్లు మధ్య గీతకు తగిలాయి. గెలిచింది. యూనివర్సిటీకి ఆడింది, ఆ సర్టిఫికెట్‌తో బి.పి.ఇడి. సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

ఆట అయ్యాక మీరు చేతికి తువాలు చుట్టుకొని ఆమె దగ్గరికి వచ్చి నవ్వారట. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

"అది నన్ను వదిలింది. తండ్రి లేని పిల్ల అని జాలిపడి వదిలింది. నా ఉద్యోగం దాని బిచ్చం" అన్నది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఉత్తమ టీచరని సన్మానం చేసినప్పుడు ఆ శాలువా అల్మారాలో పెట్టి మళ్లీ తీయలేదు. ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఏటా మిమ్మల్ని పిలిచి మ్యాచ్ పెట్టింది కూడా ఆ లెక్క తేల్చుకోవడానికే అనుకుంటాను.

ఆమె అడగలేదు. నేను అడుగుతున్నాను. వదిలారా?

మద్దిలేటి

*

వనపర్తి,
7 డిసెంబర్

అన్నా,

ఇప్పటి నుంచి సారు అనను. అన్నా అనే అంట.

మీ ఉత్తరం వచ్చినంక మూడు దినాలు బడికి పోలే. తర్వాత వనపర్తికి వచ్చిన, మా అమ్మ దగ్గరికి. అమ్మ నారాయణమ్మ. కండ్లు కానస్తలేవు గాని నోరు బాగనే ఉంది. "ఏమైంది, గట్ల ముడుసుకొని కూసున్నవు? ఓడినవా మళ్ల?" అన్నది. "అవునమ్మా" అన్న. "ఎవరితోని?" అన్నది. "ఉమతోని" అన్న. "సచ్చిపాయె గద పాపం ఆ పిల్ల" అన్నది. "అయినా ఓడిన" అన్న. అమ్మకు ఏమర్థమైందో, అన్నం కలిపి పెట్టింది.

పొద్దుగాల కాలేజీ గ్రౌండుకు పోయిన. గ్రౌండు గట్లనే ఉంది. అదే కంకర. అప్పుడు మాకు చాపలెక్కడివి, మట్టి మీదనే ఆడుతుంటిమి. మధ్య గీత ఎక్కడ ఉండెనో నాకు ఇంకా తెలుసు. ఆడ నిలబడ్డ.

అన్నా, మీరు అడిగిన్రు. చెప్త.

వదల్లే.

నా పానం పెట్టి పట్టిన. కుడిచెయ్యి. ఆమె కుడి మడమ. ఆమె గుంజుతుంటే నా చెయ్యి కంకర మీద ఈడ్చుకుంట పోయింది. ఉంగరపు వేలు గోరు నడిమికి చీలి లేచింది. అయినా వదల్లే. ఆ చీలిన గోరు ఆమె కాలుకు దిగింది, నాకు తెలుస్తనే ఉండె. ఆమె అరవలే. కూత ఆపలే. ఆ కూత ఇప్పటికీ నా చెవుల ఉంది. మీరు మొదటి ఉత్తరంల రాసిన్రు గద, మడమ పైన పాత గాటు, పసుపు పట్టలే అని. చదివినప్పుడు నాకు తట్టలే. మీరు రాసిన మడమ పట్టు ముచ్చట చదివినంకనే తట్టింది. అది కంకర కాదన్నా. అది నేను.

చెయ్యి పొంటి నెత్తురు కారుతుండె. తువాలు చుట్టుకున్న. దెబ్బ చూపెడితే ఓడిందానికి సాకు చెప్పినట్టైతది. మా కోచ్ పెద్దన్న సారు గట్లనే నేర్పిండు. అందుకనే నవ్వుకుంట పోయిన ఆమె దగ్గరికి. ఏడుపు ఆపుకోనీకి నవ్విన. ఆమె నా మొఖం చూసి తల దించుకున్నది. గెలిచి గూడ గర్వం లేదు ఈ పిల్లకు అనుకున్న. జాలి అనుకున్నదని నాకేం తెలుసు?

ఆ గోరు ఇప్పటికీ రెండు చీలికలుగనే మొలుస్తది. బడిల పిల్లలు అడిగితే తలుపుల పడ్డది అంట.

ఇంత బతుకుల నా పట్టుల నుంచి వదిలించుకొని పోయింది ఆమె ఒక్కతే. ఆ రాత్రి మా అమ్మ ఒళ్లె తలపెట్టి ఏడ్సిన. పొద్దున లేచి, మళ్ల ఎప్పుడు ఆడుత ఆమెతోని అని ఎదురుచూసుడు మొదలుపెట్టిన. ఆమె యూనివర్సిటీకి పాయె. నాకు మళ్ల దొరకలే. మేం ఇద్దరం టీచర్లమై, జట్లు తయారుచేసి, పిల్లలతోని ఆడిపిచ్చుకున్నం.

మీరు ఏమైతరు అని అడిగిన్రు గద. పేరు నాకు తెల్వదు. మా బస్సు గద్వాల బ్రిడ్జి ఎక్కంగనే సీటు ఇడిసి తలుపు కాడ నిలబడుతుంటి. ఓడగొట్టాలెనని తొందరనో, చూస్త అని తొందరనో. రెండూ ఒకటే తొందర. గంతే తెలుసు.

ఒక్కటే బాధ. సీరియల్ మీద మూడేండ్లు కొట్లాడినం. నేను సీరియల్ ముచ్చటే అనుకున్న. ఆమె నన్ను అడుగుతుండె. "జాలిపడి వదిలింది" అని ఆమె అంటే, కాదు అని నేను చెప్తనా లేదా అని చూస్తుండె. నేను కాదు అనే చెప్పిన ప్రతిసారి. మరి ఆమెకు అందిందో లేదో.

అందిందని చెప్పండ్రి అన్నా. అబద్ధమైనా చెప్పండ్రి. వద్దు, అబద్ధం వద్దు.

రాధిక

*

గద్వాల,
28 డిసెంబర్

రాధిక గారికి,

మ్యాచ్ పెడుతున్నాం. జనవరి ఇరవై నాలుగు, శనివారం. హెడ్మాస్టరు గారు సరే అన్నారు. శ్రుతికి చెప్పాను. ఆమె అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు బయటికి వచ్చారు.

భోజనం నేను చూస్తాను. ఎంతమంది వస్తున్నారో రాయండి. మిగతాది తర్వాత రాస్తాను.

మద్దిలేటి

*

నాగర్‌కర్నూల్,
11 జనవరి 2026

అన్నా,

పన్నెండు మంది పిల్లలు, నేను, డ్రైవర్ బక్కయ్య. బక్కయ్య ఒక్కడే నలుగురి తిండి తింటడు, చూసుకొని వండించండ్రి. పప్పుల వెల్లుల్లి వెయ్యండ్రి. ఇంక మనకు భయం లేదు.

మా పిల్లలు ఈసారి గెలుస్తరు. ముందే చెప్తున్న, మీ శ్రుతి మోకాలు చూసి మా పిల్లలు మెల్లగ పట్టరు. మెల్లగ పడితే నేను ఊకోను.

తీర్పు ఇంకా రాయలే మీరు.

రాధిక

*

గద్వాల,
23 జనవరి

చెల్లె రాధికకు,

ఈ ఉత్తరం పోస్టులో వేసే వేళ దాటిపోయింది. రేపు నీ చేతికే ఇస్తాను. తిరుగు బస్సులో చదువుకో. నా ముందు చదవకు.

ఉమకు అందిందా అని అడిగావు. అబద్ధం వద్దన్నావు. అందుకని నాకు తెలిసినంత రాస్తున్నాను. నీ జవాబు విన్న ప్రతిసారి ఆమె వంటింట్లోంచి గొణుక్కుంటూ వచ్చేది. "మళ్ల అదే మాట. వదల్లే అంటది. మొండిది." కోపంగా అనేది కాదు. ఆ రోజు రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తినేది. జబ్బు చేశాక కూడా అంతే. నాకు కారణం తెలియలేదు. నీ మాట వచ్చిన రోజు అన్నం ఎక్కువ వండాలని మాత్రం తెలుసుకున్నాను. నమ్మిందో లేదో చెప్పలేను. మళ్లీ మళ్లీ వినాలనుకుంది. అది మాత్రం నిజం.

నిన్న అల్మారాలోంచి ఆ సన్మానం శాలువా తీశాను. మడత విప్పి ఎండలో వేశాను. రేపు శ్రుతి గెలిచినా, మీ పిల్ల గెలిచినా కప్పుతో పాటు అది ఇస్తాను. ఉమ కష్టపడి సంపాదించుకున్నదే అది. ఇప్పుడు ఎవరికైనా ఇవ్వవచ్చు.

తీర్పు. మార్తా జాలిపడలేదు. లేచేదాకా ఆగింది. చివరిలో వెరోనా కూడా అంతే. పడి ఉన్నదాన్ని లేపి పట్టుకుంది. చూసిన తొంభై అయిదు ఎపిసోడ్లూ ఉమ తప్పుగా చూసింది. నువ్వు గెలిచావు. ఆమె ఓడింది. ఈ మాట వింటే రెండు రోజులు నాతో మాట్లాడేది కాదు. మూడో రోజు ఆ లెక్క ఆమెకు అర్థమయ్యేది. ఈ వాదనలో ఓడిపోయింది కనుక వనపర్తిలో గెలిచింది. తనే గెలిచింది. ఎవరూ ఇవ్వలేదు.

ఆమె పాదాలు కడిగినప్పుడు ఆ గాటును నేను చూసి వదిలేశాను. ఇప్పుడు దాన్ని రోజూ తలుచుకుంటున్నాను. దాన్ని ఒంటి మీద ఉంచుకొనే ఆమె పోయింది. ఎందుకో అది నాకు ఊరటగా ఉంది.

సాయంత్రం గ్రౌండ్‌కు పోయి వచ్చాను. ఆగస్టు తర్వాత ఇదే మొదటిసారి. గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. యాదయ్య గడ్డి చెక్కి, రాళ్లు ఏరి పెట్టాడు. తాడు స్టోర్ గదిలో ఉమ చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది. విప్పబోయి ఆగాను.

రేపు పొద్దున్నే సున్నం బస్తా సైకిల్ మీద వేసుకొని పోతాను. అంచు గీతలు, లోపలి గీతలు యాదయ్యతో కలిసి గీస్తాను. మధ్య గీత గీయను. ఒక కొస నేను పట్టుకొని, రెండో కొస ముందర నేల మీద పెట్టి, మీ బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడతాను.

మద్దిలేటి